చిత్తరువును, చిత్రింపబడినవాడును

ఒకని పొలమును వేరొకడు దున్నుకొన్నచో న్యాయస్థానము కలదు. ఒకని మాటను వేరొకడు మార్చి చెప్పినచో, నేనట్లనలేదని మొఱపెట్టుకొనుటకైన వీలు కలదు. ఒకని ముఖమును వేరొకడు తన యిచ్చవచ్చినట్లు వ్రాసికొన్నచో నెవరితో చెప్పికొనవలెను? మనుష్యుని సొత్తులలో ముఖము మిగుల విచిత్రమైనది. మోయువాడొకడు, చూచువారు వేరొకరు. ఎవని ముఖము వానికి అద్దములో గాని కానరాదు; ఆ యద్దమైనను కుడియెడమలను తాఱుమాఱు చేసియే చూపును. ఇట్టి సొత్తును చిత్రకారుని యెదుట నుంచి గంటలకొలది కదలక కూర్చున్నవానికి ఆ చిత్రకారుడేమి ఋణపడుచున్నాడు? కళాస్వాతంత్ర్యమను మాట యా ఋణమును కొట్టివేయునా? ఇది సౌందర్యశాస్త్రమునకు చెందిన ప్రశ్నవలె కనబడును గాని, మా యభిప్రాయమున నిది ముందుగా నీతికి చెందిన ప్రశ్న.

ఈ విషయమును గుఱించి మేము తలపోయుటకు కారణము రాజమహేంద్రవరమున మూడు దినములు జరిగిన యొక చిత్రలేఖన శిబిరము. దామెర్ల రామారావుగారు 1925లో, ముప్పదియేండ్లు నిండకమునుపే గతించినను, ఆ యూర కుంచె పట్టువారికి నేటికిని కొఱత లేదు. ముఖచిత్రణమున సృజనాత్మక మార్గములన్నది శిబిరమునకు విషయము. కళాశాలా విద్యార్థులు, ఉద్యోగవిరమణ చేసినవారు, గృహిణులు, మావంటి బడిపంతుళ్ళు కలిసి యిరువదిమంది వఱకు కూడితిమి.

మొదటి రెండు దినముల సాధనలను గుఱించి మెచ్చికోలుగానే చెప్పవలసియున్నది. కాగితమువంక చూడక, ఎదుటివాని ముఖమునే చూచుచు, పెన్సిలు నెత్తకుండ నొకే గీతతో రూపమును గీయుట యొకటి. ఎడమచేత గీయుట యొకటి. ఛాయాచిత్రమును తలక్రిందులుగా నుంచి, అట్లే చూచి గీయుట మఱియొకటి. ఈ తుది పద్ధతిని అమెరికాలో బెట్టీ ఎడ్వర్డ్స్ అను చిత్రకళోపాధ్యాయిని 1979లో వెలువడిన తన గ్రంథమువలన ప్రచారమునకు దెచ్చెను. మొదట నిది పిల్లచేష్టవలె తోచును. కాని దీనిలో నొక మర్మమున్నది. మనము కన్నును గీయునపుడు ఎదుటనున్న కన్నును గీయము. కన్ను అను మాటకు మన మనస్సులో నున్న గుర్తును గీయుదుము. బాదముగింజవంటి యాకారము, నడుమ నొక చుక్క. ఎవరి కన్నైనను నదియే. బొమ్మ తలక్రిందు కాగానే ఆ గుర్తు పనికిరాకపోవును, గత్యంతరము లేక చూడవలసివచ్చును. పిల్లలకు గుర్తులు నేర్పుటయే వృత్తిగా గలవారము గనుక, ఒకసారి నేర్చినదానిని ప్రక్కకు నెట్టుట యెంత కష్టమో మాకు తెలియును. (గుర్తులు నేర్వకమునుపే చూచుట నేర్చినవారు మా తరగతి పిల్లలు. మేము వెనుదిరిగిన క్షణమున వారు నల్లబల్లపై గీయు పంతులుబొమ్మలో కండ్లద్దములు జాఱిన తీరు, భుజము వంగిన తీరు ఎన్నడును తప్పిపోవు.) అయిదు నిమిషములు చూచి, గోడవైపు తిరిగి, జ్ఞాపకమునుండి వ్రాయుట యింకొక సాధన. పారిస్ నగరమున లెకాక్ ద బ్వాబోద్రాన్ అను గురువు 1848లోనే దీనిపై చిన్న పుస్తకమును ప్రకటించెను. ప్రసిద్ధ శిల్పి రోదా ఆయన శిష్యుడే. ఇవన్నియు పేరునకు సృజనాత్మకములు గాని, నిజమునకు చూపునకు వినయమును నేర్పు సాధనలు.

మూడవ దినమున చిక్కు వచ్చినది. ఆనాడు కూర్చుండుటకై యొక వృద్ధుని పిలిపించిరి. డెబ్బదియేండ్లు దాటినవాడు, మార్కెట్టులో బస్తాలు మోసి బ్రదికిన హమాలీ. దినకూలి యిచ్చుటకు కుదుర్చుకొనిరి. ఆయన యుదయమే గడ్డము గీయించుకొని, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడిగికొని, మెడవఱకు గుండీలు పెట్టుకొని వచ్చెను. బొమ్మ వేయుదురట యని యింటిలో చెప్పియే వచ్చెను. ఆయనను చూడగానే మావారిలో కొందఱికి నిరాశ కలిగినది. చొక్కా విప్పి తలకు తువ్వాలు చుట్టుకొమ్మని యొకరడిగిరి. అట్లైన సహజముగా నుండునని కారణము చెప్పిరి. ఆయన మాటాడక విప్పెను. విప్పిన చొక్కాను మడత నలుగకుండ మడిచి, ప్రక్కనున్న కుర్చీపై పెట్టి కూర్చుండెను.

తరువాత మూడు గంటలలో వెలసిన చిత్రములను చెప్పెదము. ఒకదానియందు ఆయన ముఖము బీటలువాఱిన నేలయైనది. ఒకదానియందు నుదుటి ముడతలు నాగేటిచాళ్ళైనవి. ఆయన జన్మమున నాగలి పట్టినవాడు కాడు. ఒకదానియందు కంటినుండి యెఱ్ఱని ధార కాఱుచున్నది. ఒకదాని క్రింద 'ఆకలి' యని పేరు. రంగుల పొందికకు మెచ్చదగినవి వీనిలో లేకపోలేదు. కాని యెడమచెవి క్రింద నున్న పాతగాయపు మచ్చ వీనిలో నెందును లేదు. ఏండ్లకొలది బస్తా యానిన భుజముమీది కాయయు, ఆ వైపునకే యొరిగిన మెడయు లేవు. ఒక కళాశాలా విద్యార్థిని మాత్రము మొదట కుర్చీపైనున్న చొక్కాను గీచి, విరామసమయమున దానిని మరల తొడిగికొమ్మని యాయనను బతిమాలి, నిటారుగా నిలిచిన కాలరును, అందులో వదులుగా నున్న సన్నని మెడను వ్రాసెను. పేరడిగి చిత్రము క్రింద వ్రాసెను. చూపగా ఆయన చాలసేపు చూచి, "కాలరు బాగా కుదిరిందమ్మా" అనెను. తక్కిన చిత్రములను గుఱించి యాయన యేమియు ననలేదు; ఎవరును అడుగనులేదు.

శిబిరాచార్యునితో దీనిని ప్రస్తావింపగా, ఆయన సౌమ్యముగానే సమాధానము చెప్పెను. పోలిక పట్టుట యంత్రము పనియట. 1839లో దాగేర్ కనిపెట్టిన ఛాయాగ్రహణము లోకమునకు వెల్లడియైనది మొదలు చిత్రకారునికా చాకిరి తప్పినదట. ఎదుట కూర్చున్నవాడు నిమిత్తమాత్రుడు. వ్రాయవలసినది నీ యంతరంగమే యట. ఈ వాదములోని విభాగము మనకు క్రొత్తది కాదు. పండ్రెండవ శతాబ్దమున కల్యాణి చాళుక్యరాజగు సోమేశ్వరుడు మానసోల్లాసమున, అద్దములోని ప్రతిబింబమువలె పోలిక గల చిత్రమును విద్ధమనియు, పోలిక నుద్దేశింపక తోచినట్లు వ్రాసినదానిని అవిద్ధమనియు వేఱుపఱచెను. రెండును చిత్రములే. అవిద్ధమును వ్రాయదలచినవానికి అడ్డులేదు. అడ్డులేదు గాని, అపుడొక మనుష్యుని కూర్చుండబెట్టవలసిన పనియు లేదు. కూలి యిచ్చి పిలిపించి, చొక్కా విప్పించి, మూడు గంటలు కదలనీయక యుంచి, తుదకు వ్రాసినది నా యంతరంగమే యనుట, సాక్షిని బోనెక్కించి, వాని నోరు మూసి, వాని వాఙ్మూలమును మనమే వ్రాసికొనుటవంటిది. కామసూత్రవ్యాఖ్యాతయగు యశోధరుడు పేర్కొన్న చిత్రషడంగములలో భావమును కలదు, సాదృశ్యమును కలదు. ఒకదానికొఱకు రెండవదానిని త్రోసివేయుమని యాయన చెప్పలేదు.

ఐనను పోలికయే సర్వస్వమని మేమనుటలేదు. పికాసో 1905లో గెర్ట్రూడ్ స్టైన్ అను రచయిత్రి చిత్రమును మొదలుపెట్టెను. ఆమె యెనుబది తొంబది పర్యాయములు ఆయన యెదుట కూర్చున్నదని చెప్పుదురు. అంత శ్రమ జరిగిన పిమ్మట ఆయన ముఖభాగమును తుడిచివేసి, 1906 వేసవిని స్పెయిన్ దేశపు పల్లెలో గడపి, తిరిగివచ్చి, ఆమె యెదుట లేకయే, రాతిలో చెక్కినట్టి కఠినముఖమును వ్రాసెను. పోలిక లేదని చూచినవారనిరి. ఆమె మాత్రము దానిని జీవితాంతము తనయొద్ద నుంచుకొని, 1946లో మరణించునపుడు న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియమునకు వ్రాసియిచ్చెను. ఈ చిత్రమున స్వేచ్ఛ లేదా? కావలసినంత యున్నది. కాని యా స్వేచ్ఛ యెనుబది దినముల చూపునకు తరువాత వచ్చినది. ఆ కఠినముఖమును తెచ్చి వేరొక స్త్రీ మెడపై పెట్టిన నతుకదు. మా శిబిరమున వెలసిన 'ఆకలి' యట్లు కాదు. ఏ ముసలివాని మెడపైనైనను అతుకును. స్వేచ్ఛకు హద్దేదని యడిగినచో, ఈ యతుకుటయే మాకు తోచిన పరీక్ష.

కాళిదాసు దీనిని మనకంటె ముందే యెఱిగియుండెను. మాళవికాగ్నిమిత్రమున రాజు మాళవికను మొదట చిత్తరువులోనే చూచి, ఇంతటి సౌందర్యము నిజమా యని శంకించును. ఎదుట చూచిన తరువాత, ఈమెను వ్రాసినవాని సమాధి శిథిలమైనదని తలచును. దోషమును చేతికి గాని కుంచెకు గాని యంటగట్టక, చూపు సడలుటకంటగట్టుట గమనింపదగినది. శాకుంతలమున దుష్యంతుడు తానే శకుంతలను చిత్రించి, తృప్తిపడక, ఇంకను వ్రాయవలసినవానిని లెక్కించుకొనును: మాలినీనది, ఇసుకతిన్నెపై హంసలజంట, నారచీరలు వ్రేలాడు చెట్టు, చెవిని శిరీషపుష్పము. ఇవన్నియు ముఖమునకు వెలుపలివే. ఐనను నొకటియైన రాజు విరహమునకు గుర్తుగా కల్పించినది కాదు. అన్నియు ఆమెవి, ఆమె యాశ్రమమువి. ఇంతటి చూపుగల రాజు, ఆమె నిండుసభలో నెదుట నిలిచినపుడు గుర్తింపలేదు. కథలో నది శాపఫలము. శాపము లేకయే యట్టి పని చేయువారు లోకమున పెక్కుమంది.

మన దేశమున మనుష్యరూపమును నిలుపుకొనుటకు ఎవరికి నోచినదో చూచినచో మా ప్రశ్న యింకను పదునెక్కును. దేవతాబింబము లక్షణహీనమైనను శ్రేయస్కరమనియు, మనుష్యబింబము సలక్షణమైనను శుభము కాదనియు శుక్రనీతి చెప్పుచున్నది. రాజులును దాతలును ఈ మాటను లెక్కచేసినట్లు లేదు. తిరుమలలో శ్రీకృష్ణదేవరాయలు తిరుమలదేవీ చిన్నాదేవులతో చేతులు జోడించి లోహరూపమున నేటికిని నిలిచియున్నాడు. లేపాక్షి మంటపపు కప్పున విరూపణ్ణ వీరణ్ణ సోదరులు పరివారముతో చిత్రితులైయున్నారు. శుక్రనీతిని తుచ తప్పక పాటించినవారు ఆ మంటపమునకు రాళ్ళు మోసినవారొక్కరే.

ఇప్పుడు కాలము మాఱినది. బీదవానిని వ్రాయుట చిత్రకారులకు గౌరవముగా నున్నది, మేమును సంతోషింపవలసినదే. కాని దొరను వ్రాసినపుడు చిత్రమునకు దొరపేరును, బీదవానిని వ్రాసినపుడు వాని బాధ పేరును పెట్టుట మాత్రము మాఱలేదు. ఫ్రెంచి చిత్రకారుడు జెరికో 1820 ప్రాంతమున మతిచలించినవారి ముఖములను వరుసగా వ్రాసెను. ఎంతో శ్రద్ధతో వ్రాసిన ముఖములవి. ఒక్కొక్కటి ఒక్కొక్క మనిషి. లోకము వానిని అసూయ, జూదము, దొంగతనము అను రోగముల పేర్లతోనే యెఱుగును. మనుష్యుల పేర్లు పోయినవి. ఛాయాచిత్రములోనైనను ఇదియే తీరు. 1936లో కాలిఫోర్నియాలో బఠానీకోత కూలీల గుడారములయొద్ద డొరోథియా లాంగ్ తీసిన తల్లి చిత్రము 'వలసతల్లి' యను పేర జగత్ప్రసిద్ధమైనది. ఆ చిత్రము పత్రికలకెక్కగా గుడారములలోనివారికి ప్రభుత్వము ఆహారము పంపినదనుటయు నిజమే. మంచిని మంచి యనవలెను. కాని యా తల్లి ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకమునకు తెలిసినది 1978లో. తన పేరైన నడుగలేదనియు, ఆ చిత్రమువలన తనకొక్క కాసు రాలేదనియు ఆమె చెప్పికొనెను. నలువదిరెండేండ్లు తన ముఖము పరుల గోడలపై వ్రేలాడుచుండగా, ఆమె ప్రత్తి యేరుకొనుచు, పిల్లలను పెంచుకొనుచు బ్రదికినది.

ఇచట నొక యాక్షేపణము రావచ్చును. కూర్చున్నవాని యిష్టమే ప్రమాణమైనచో చిత్రకారుడు దర్జీవానికంటె నెక్కువవాడెట్లగును? ఆక్షేపణము బలమైనదే. 1954 నవంబరు 30న, చర్చిల్ ఎనుబదవ జన్మదినమున, బ్రిటిష్ పార్లమెంటు ఉభయసభలును గ్రాహం సదర్లాండ్ వ్రాసిన యాయన నిలువెత్తు చిత్రమును బహూకరించినవి. తనను గార్టరు బిరుదు వస్త్రములలో వ్రాయవలెనని చర్చిల్ కోరిక. సభకు వచ్చు మామూలు దుస్తులలోనే వ్రాయవలెనని నిర్ణయము. చిత్రమున బిరుదు లేదు. ముసలితనము, దేహభారము, మొండితనము కలవు. దానిని ఆధునిక కళకు మచ్చుతునక యని చర్చిల్ నిండుసభలో నెత్తిపొడిచెను. తరువాత ఆయన భార్య దానిని నాశనము చేయించినది. ఆ సంగతి 1978లో బయటపడినది. చర్చిల్ కోరిన బిరుదు వస్త్రము వలదనినవారము, హమాలీ కోరిన చొక్కాను కావలెననుట యే న్యాయము?

రెండు కోరికలును ఒకటే యని యొప్పుకొనుటకు మాకు సంకోచము లేదు. మనిషి తన్ను తాను గౌరవించుకొను రీతియు వాని ముఖములోని భాగమే. సదర్లాండ్ ఆ వస్త్రములను వ్రాసి, వానిలోని ముసలివానిని దాచకుండ వ్రాసియున్న, చిత్రము మఱింత నిజమై యుండెడిదని మా తలంపు. కాని సమానమైన కోరికలు సమానమైన స్థితులలో లేవు. చర్చిల్ తన చిత్రమును గుఱించి సభలో పరిహసించగలడు. ఆయన గృహిణి దానిని లేకుండ జేయగలదు. ఆయనవి వేయి చిత్రములు వేరుగా నున్నవి. హమాలీకి వేరొక చిత్రము లేదు. ఆయన తన పక్షమున చెప్పుకొనదగిన మాటను మెడవఱకు గుండీలు పెట్టుకొని తెచ్చెను. ఆ మాటను విప్పి కుర్చీపై పెట్టించిరి.

మన యిండ్లలో దండలు వేసిన పటములను చూచినవారికి ఈ చొక్కా సంగతి వివరింప నక్కఱలేదు. తల్లి పోయిన తరువాత కొడుకు ఫోటో స్టూడియోకు పోవును. ఆమెకున్నది రేషన్ కార్డుమీది చిన్న ఫోటోయే. స్టూడియోవాడు ఆ తలను పెద్దది చేసి, పట్టుచీర కట్టిన దేహమునకు అతికించును. తండ్రియైనచో కోటు తొడుగును. ఆ తల్లి యెన్నడును పట్టుచీర కట్టియెఱుగదు. ఇది యబద్ధమా? అక్షరాల నబద్ధమే. కాని యది కొడుకు కట్టబెట్టలేకపోయిన చీర. ఆ యింటివారందఱును దాని నట్లే చదివికొందురు, మోసపోవువారెవరును లేరు. అదే స్టూడియోలో, అదే యంత్రముపై, పెండ్లిచూపులకు పంపదలచిన పిల్ల ఫోటోను రెండు వన్నెలు తెల్లజేయుదురు. ఇపుడు స్టూడియోకు పోవలసిన పనియు లేదు, చేతిలోని ఫోనే చేయుచున్నది. చీర ఆ ముఖమునకు బహుమానము. తెలుపు ఆ ముఖమునకు శిక్ష. పై యింటివారి మెప్పుకొఱకు పిల్ల తన తల్లిదండ్రులచేతనే తుడిచివేయబడుచున్నది. మా శిబిరమునందలి కుంచెలు చేసినదియు నీ రెండవ జాతి పనియే. తెల్లజేయుటకు మాఱుగా బీటలువాఱజేసిరి, అంతియే భేదము. అచటను మెప్పవలసినవారు పరులు, మాఱవలసినది కూర్చున్నవాడు.

అట్లని చూపు చక్కనైనదైనచో అన్యాయము తీఱునని నమ్ముటకును వీలులేదు. 1650లో స్పెయిన్ రాజాస్థాన చిత్రకారుడగు వెలాస్కెస్ రోము నగరమున నుండి, తన యొద్ద చిత్రశాలలో పనిచేయు హువాన్ దె పరేహా అనువాని రూపమును వ్రాసెను. పరేహా ఆయనకు బానిస. ఆ చిత్రమును చూచినవారు దానిని తేలికగా మఱవరు: చామనచాయ ముఖము, చూచువానిని సూటిగా చూచు కన్నులు, భుజములపై పఱచుకొన్న తెల్లని లేసు కాలరు. కాలరు విప్పుమని వెలాస్కెస్ చెప్పలేదు. ఆ సంవత్సరము మార్చి నెలలో దానిని రోములోని పాంథియనున ప్రదర్శించిరి. నేడది న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియమున నున్నది. అంత నిండుగా చూచి వ్రాసిన కన్నులు గలవాడు, చిత్రము ముగిసిన నాడును ఆ మనుష్యునికి యజమానియే. విడుదలపత్రముపై సంతకము నవంబరులో జరిగినది. అదియైనను మఱి నాలుగేండ్లు సేవచేసిన పిమ్మట చెల్లునట్లు వ్రాయబడినది.

పరేహా విడుదల పొంది తానును చిత్రకారుడయ్యెను. 1661లో ఆయన వ్రాసిన పెద్ద చిత్రమొకటి మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియమున నున్నది. క్రీస్తు మత్తయిని పిలుచుట దానికి విషయము. దాని యెడమకొనయందు నిలిచియున్నవాడు పరేహాయే. చేతనున్న కాగితముపై తన పేరు వ్రాసికొనినాడు. ఆ ముఖము వెలాస్కెస్ వ్రాసిన ముఖముకంటె తెల్లగా నున్నది, ముక్కు కొంత సన్నముగా నున్నది. చూపు మాత్రము తిన్నగా మనవైపే యున్నది.